నాలుగో మంచం వాలు

నేను ఒక కోణమానినిని. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ప్రొట్రాక్టర్‌ని. అరచేతిలో ఇమిడే అర్ధచంద్రాకారపు ప్లాస్టిక్ ముక్కను. సున్నా నుంచి నూట ఎనభై దాకా నా ఒంటి మీద గీతలూ అంకెలూ ఉంటాయి. అవి కూడా రెండు వరసల్లో, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. ఈ రెండిట్లో ఏది చదవాలో తెలియక ఎంతమంది పిల్లలు మార్కులు పోగొట్టుకున్నారో లెక్కలేదు. తప్పు వాళ్లు చదివి, తప్పు చూపించానని నన్ను బల్ల కిందికి విసిరినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసి నేనెప్పుడూ తప్పు చెప్పలేదు. దీన్ని గర్వం అనుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మనుషులకు 'సుమారు' అని ఒక మాట ఉంది. అది వింటే నాకు పుట్టిన దగ్గర్నుంచీ ఒళ్లు మంట.

నా పుట్టుకలో గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో పడింది, చల్లారింది, నేనయ్యాను. ఒక వృత్తలేఖిని, ఒక విభాగిని, రెండు మూలమట్టాలు, ఎవరూ వాడని చిన్న రబ్బరు, వీటితో కలిపి రేకు డబ్బాలో పెట్టి మూత వేశారు. ఆ కంపాస్ బాక్సును స్టేషనరీ దుకాణంలో సువార్త అనే ఆమె తన కూతురు నిస్సీ కోసం కొన్నది. అప్పుడు నిస్సీ తొమ్మిదో తరగతి.

పదిలోకి వచ్చాక నిస్సీ నాకు ఒక ఉద్యోగం కల్పించింది. త్రికోణమితి పాఠం కోసం నా తిన్నని అంచుకు కూల్‌డ్రింకు గొట్టం అతికించి, నా మధ్య చిల్లులోంచి కుట్టు దారం వేలాడదీసి, దారానికి ఇనప నట్టు కట్టింది. గొట్టంలోంచి బడి వాటర్ ట్యాంకు కొస చూస్తే దారం నా తొంభై నుంచి ఎన్ని గీతలు పక్కకు జరిగితే అంత కోణం. దాన్నిబట్టి ట్యాంకు ఎత్తు లెక్కకట్టాలి. ముగ్గురు పిల్లలు ఒకే చోట నిలబడి చూశారు, ముగ్గురికీ నేను ఒకే కోణం చెప్పాను. కానీ ట్యాంకు దాకా ఉన్న దూరాన్ని ఎవరి అడుగులతో వాళ్లు కొలుచుకున్నారు. అందుకని ట్యాంకుకు మూడు ఎత్తులు వచ్చాయి. లెక్కల మాస్టారు మూడూ కూడి మూడుతో భాగించి, బాగుందన్నాడు, ముగ్గురికీ మార్కులేశాడు. మనుషుల వ్యవహారం నాకు మొదటిసారి బోధపడింది అప్పుడే.

నిస్సీ ఇంటర్లో బైపీసీ తీసుకుంది. నాతో పనిలేకపోయింది. గొట్టం ఊడిపోయింది. దారం, నట్టుతో సహా ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ బుట్టలో, అయిపోయిన బ్యాటరీలకూ పిన్నీసులకూ మధ్య ఏడాదిన్నర పడి ఉన్నాను. అక్కడితో నా కథ అయిపోయిందనే అనుకున్నాను.

సువార్త ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు. ఊరి పేరు చెప్పను. చెబితే ఆసుపత్రి పేరు చెప్పినట్టే, అక్కడ పని చేసేవాళ్లలో నిజానికి చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఐసీయూ ఆమె చేతి కింద ఉండేది. ఎనిమిది మంచాలు, అయిదు వెంటిలేటర్లు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆమె ఎన్నడూ లేనిది డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా బుట్టలోంచి నన్ను ఏరి తీసి, స్పిరిట్‌తో తుడిచి, బ్యాగులో వేసుకుని వెళ్లింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మంచాల సంగతి చెప్పాలి.

వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి గొంతులోంచి ఊపిరి దారిలోకి ఒక గొట్టం వేస్తారు. మిషన్ ఆ గొట్టంలోంచి ఊపిరి పోస్తుంది. ప్రాణం నిలబెట్టే ఆ గొట్టం పక్కనుంచే నోటిలోని క్రిములు కూడా లోపలికి జారతాయి. అందుకని పక్క తలవైపు ఎప్పుడూ ఎత్తి ఉంచాలి. ముప్ఫై డిగ్రీలకు తగ్గకూడదు, నలభై అయిదు దాటనక్కర్లేదు. ఈ మాట ఐసీయూ గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. నోరు శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం లాంటివి ఇంకా చాలా రాసి ఉన్నాయి గానీ, నాకు సంబంధించింది ఇదొక్కటే. ప్రతి షిఫ్టులోనూ నర్సులు చార్టులో ఆ ఎత్తు ఎంతో రాయాలి. రాసేవారు. ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై.

ఆ అంకె వాళ్లు గాలిలోంచి తీయలేదు. ప్రతి మంచానికీ తలవైపు ఒక ఇనప బిళ్ల, దాని మీద గీతలు, తన బరువుకు తానే కిందికి వేలాడే ఒక ముల్లు ఉన్నాయి. అంతకు ముందటేడు ఎవరో పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారని మంచాలకు తెల్ల రంగు వేయించారు. చూడ్డానికి పద్ధతిగా ఉండాలని మంచాలన్నిటినీ ముందే ముప్ఫైకి ఎత్తి పెట్టారు. రంగు వేసినతను శ్రద్ధ గల మనిషి. అంకెలు చెరగకుండా జాగ్రత్తపడి, ముల్లును మాత్రం వదలకుండా రెండు పూతలు పూశాడు. రంగు ఆరింది, ముల్లు అతుక్కుపోయింది. ఆ తర్వాత మంచం ఎత్తినా దించినా ఎనిమిది ముళ్లూ ముప్ఫైనే చూపించాయి. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా మెచ్చుకున్నారట. ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ముల్లును అందరూ చూశారు, రాయడానికి చూశారు.

నన్ను తీసుకెళ్లిన రోజున నాలుగో మంచం మీద భూమయ్య ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. పక్క ఊళ్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసే మనిషి. షెడ్డులో కింద పడుకుంటే కట్లపాము కరిచింది. ఆ పాము కాటు నొప్పి కూడా తెలియదు. పొద్దున లేచేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దయి, ఆసుపత్రికి తెచ్చేసరికి ఊపిరి అందడం మానేసింది. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చి వెంటిలేటర్ పెట్టారు. ఆ విషానికి ఒక గుణం ఉంది. ఒంట్లో ఒక్క కండ కూడా కదలనివ్వదు గానీ మెదడును తాకదు. భూమయ్య అన్నీ వింటూ, అన్నీ తెలుస్తూ, కట్టెలా పడి ఉన్నాడు. ఆరో రోజుకు రెప్పలు లేచాయి, వేళ్లు కదిలాయి. రెండు రోజుల్లో గొట్టం తీసేద్దామన్నాడు డాక్టర్ మొయినుద్దీన్. ఏడో రోజు జ్వరం వచ్చింది. గొట్టంలోంచి పచ్చటి తెమడ రావడం మొదలైంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ కనిపించింది. నిమ్ము. ఆ నెలలో అది మూడోది, ముందటి ఇద్దరూ దక్కలేదు.

"పాము ఇడిచిపెట్టింది సిస్టర్, మనం పట్టుకున్నం" అన్నాడట డాక్టర్ ఎక్స్‌రే దించుతూ. తర్వాత మంచం పక్కకు వచ్చి, తల వంచి, ఒక కన్ను మూసి చూశాడట. "ఇది ముప్ఫయేనా?"

"ముప్ఫై సార్. ముల్లు సూడుండ్రి" అన్నది సువార్త. అని, తనే ఇంకోసారి పక్కనుంచి చూసింది. చూసి, సరాసరి ఇంటికి వచ్చింది.

నన్ను మంచం వీపు చట్రానికి ప్లాస్టర్ పెట్టి అతికించారు. ఇక్కడ నాకొక అవమానం జరిగింది. మంచం చదునుగా ఉన్నప్పుడు దారం నా తొంభై మీద నిలుస్తుంది కాబట్టి, సువార్త నా మీద తెల్ల పట్టీ అతికించి, తొంభై ఉన్న చోట పెన్నుతో సున్నా రాసింది. అక్కడి నుంచి పది, ఇరవై, ముప్ఫై అని కొత్తగా రాసుకుంటూ పోయింది. పుట్టుకతో వచ్చిన అంకెలను మొహం మీదే మార్చేస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? అయినా ఊరుకున్నాను, ఎందుకంటే ఆ తర్వాతి క్షణంలో అందరూ ఊపిరి బిగపట్టి నా వైపు చూశారు. నట్టు ఊగి ఊగి ఆగింది. మంచం ముల్లు ముప్ఫై అంటున్నది. నేను పద్నాలుగన్నాను.

మనుషులు మొదట అనుమానించింది నన్నే. నట్టు అటు ఊపారు, ఇటు ఊపారు. చివరికి డాక్టర్ ఒక బ్లేడు తెప్పించి ముల్లు మీది రంగు గీకాడు. ముల్లు టక్కున వదులై జారి పద్నాలుగు దగ్గర ఆగింది. నాకు లోలోపల పండగ. కానీ సువార్త ముఖం చూశాక ఆ పండగ నిలవలేదు. ఆమె నిలబడే భూమయ్య చార్టు తిరగేసింది. ఏడు రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, ఇరవై ఒక్క ముప్ఫైలు. అందులో ఆరు ఆమె చేతిరాతే.

మంచం ముప్ఫై అయిదుకు ఎత్తారు. మందులు మొదలుపెట్టారు. సమస్య తీరిపోయిందని అందరూ అనుకున్నారు, నాతో సహా.

సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా చూడటానికి ఒక్కరిని లోపలికి వదిలేవారు. భూమయ్య కోసం అతని భార్య సుగుణ వచ్చేది. మాస్కు, గౌను, చెప్పుల్లేని కాళ్లు. ఎవరినీ ఏమీ అడగదు. మంచం పక్కన నిలబడి ఆయన కళ్లలోకి చూస్తుంది. ఆయన కూడా ఆమెనే చూస్తాడు, ఆ ఒంట్లో ఆయన చెప్పినట్టు వినేవి అప్పటికి ఆ కళ్లూ, నాలుగు వేళ్లే. వీపు ఎత్తి ఉంచితే కదల్లేని మనిషి మెల్లగా కిందికి జారిపోతాడు. మెడ వంగుతుంది, నడుము మడతపడుతుంది. చూసేవాళ్లకు వెంటనే దించాలనిపిస్తుంది. నాక్కూడా.

నన్ను కట్టిన మొదటి సాయంత్రమే సుగుణ ఆయన కళ్లలోకి కాసేపు చూసి, చుట్టూ ఒకసారి చూసి, మంచం కాళ్లవైపు వెళ్లి కూర్చుంది. అక్కడ మంచం ఎత్తే, దించే పిడి ఉంటుంది. ఆ పిడిని కొత్తవాళ్లు తిప్పితే కీచుమంటుంది, ఆగి ఆగి కదులుతుంది. ఆమె తిప్పితే చప్పుడే లేదు. సుగుణ తొమ్మిదో ఏటి నుంచి కండెలు చుడుతున్న మనిషి. మగ్గానికి కావాల్సిన నూలును రాట్నం తిప్పి కండెలకు ఎక్కించడమే ఆమె పని. పిడి చేతికి తగలగానే ఆ చేతికి తెలిసిన పని దొరికింది. ఆరు చుట్లు. మంచం మెత్తగా దిగింది. భూమయ్య నడుము సాఫీ అయింది, ముడిపడ్డ నుదురు విప్పుకుంది, కళ్లు హాయిగా మూతపడ్డాయి. సుగుణ లేచి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి అయుంటుంది. నేను ఇరవై అన్నాను. అంతకన్నా చెప్పే నోరు నాకు లేదు.

అయిదు గంటలకు నర్సు చార్టులో ఇరవై అని రాసి, విసుక్కుంటూ మళ్లీ ఎత్తింది. మర్నాడూ అంతే. పక్క మార్చేటప్పుడు ఆయా దించి మరిచిపోయిందని ఆమెను కేకలేశారు. ఆమె నాకేం తెల్వదని మొత్తుకుంది. మిషన్లు బాగుచేసే అతను వచ్చి పిడి మరలు బిగించి, ఇక కదలదని చేతులు దులుపుకున్నాడు. బిగించినా సుగుణ చేతికి లెక్కేమిటి? ఈలోగా భూమయ్య జ్వరం తగ్గలేదు. ఆక్సిజన్ పెంచాల్సి వచ్చింది. మూడో రోజుకు రక్తపోటు కూడా పడిపోతూ వచ్చింది. కళ్లు తెరవడం మానేశాడు. పాము విషం పూర్తిగా దిగిపోయిన మనిషి, ఇంటికి వెళ్లాల్సిన మనిషి, ఆసుపత్రి మంచం మీద పట్టుకున్న రోగంతో పోయేలా ఉన్నాడు. నేను తప్పు చెప్పనని మొదట్లో గొప్పగా అన్నానే, ఆ మూడు సాయంత్రాలూ నా గొప్ప నాకే రోతగా తోచింది. నిజం చెబుతూ వేలాడుతున్నాను, అంతే.

మూడో సాయంత్రం సువార్త ఏదో ఫైలు కోసం లోపలికి వచ్చింది. సుగుణ చేతిలో పిడి నాలుగో చుట్టు మీద ఉంది.

"ఏం జేస్తున్నవమ్మా?"

సుగుణ బెదరలేదు. దాచుకోవాల్సిన పని చేస్తున్నానని ఆమెకు తోచనే లేదు. "పండవెడ్తున్న సిస్టరమ్మా. ఎంతసేపని గట్ల కూసోవెడ్తరు? నడుము గుంజుతున్నదని నిన్నటిదాక కండ్లతోని చెప్పిండు. ఇయ్యాల కండ్లే తెరుస్తలేడు."

"ఎన్నిరోజులసంది తిప్పుతున్నవ్?"

"లోపటికి రానిచ్చిన కాడికెళ్లి. మీరు పనిల ఉంటరు గద, సతాయించుడెందుకని నేనే."

సువార్త నోరు తెరిచింది. ఆ తిట్టు ఎంత పెద్దదో ఆమె మెడ నరాలు చూస్తేనే తెలుస్తున్నది. కానీ తిట్టలేదు. వంగి, సుగుణ చేతిలోంచి పిడి తీసుకుని, తానే తిప్పి, నా దారం ముప్ఫై అయిదు మీదికి వచ్చేదాకా ఎత్తింది. తర్వాత స్టూలు లాగి సుగుణను కూర్చోబెట్టింది.

"ఇగ చూడు సుగుణా. మనం ఊకె ఉమ్మి మింగుతనే ఉంటం, మనకు తెల్వకుండనే. ఆయిన మింగలేడు. నోట్లె ఊరిన నీళ్లు, కడుపులకెళ్లి మీదికొచ్చినయి, గొట్టం పక్కపొంటి ఊపిరితిత్తులల్లకు జారుతయి. తల మీదికుంటె జారుడు తక్కువుంటది. గందుకే కూసోవెడ్తున్నం. ఆయినకు నిమ్ము గట్లనే వట్టింది."

సుగుణ మాస్కు లోపలికీ బయటికీ కదులుతున్నది.

"అంటె నేనే జేసిన్నా సిస్టరమ్మా?"

ఆ ప్రశ్నకు 'అవును' అనే జవాబు ఆ గదిలో అందరికీ ఎంత సౌకర్యమో నాకు తెలుసు. ఒక్క మాట. ఇరవై ఒక్క ముప్ఫైలూ దాని కింద కప్పబడిపోతాయి. అడిగేవాళ్లు లేరు. కాదు అనడం కూడా సుళువే, జాలిపడి అనొచ్చు. అదీ అబద్ధమే. నిజమేమిటని నన్ను అడిగినా నేను చెప్పలేను. ఆ నిమ్ములో ఆమె తిప్పిన చుట్ల వంతు ఎంత, అతుక్కుపోయిన ముల్లు వంతు ఎంత, సమయానికి కడగని చేతుల వంతు ఎంత, దేనికీ నా దగ్గర గీత లేదు. సువార్త నీళ్లు నములుతుందేమోనని చూశాను. ఆమె లేచి చార్టు తెచ్చింది.

"చదువొస్తదా?"

"ఏడుదాక చదివిన."

"గిది చదువు."

సుగుణ వేలు పెట్టి చదివింది. "ముప్ఫై. ముప్ఫై. ముప్ఫై. ముప్ఫై..."

"గివన్ని అబద్ధం" అన్నది సువార్త. "కావాల్నని రాయలే. రంగుకు ముల్లు అంటుకపోతె సూసుకోలే. ఇగో గిది నా రాత, గిది గుడ నాదే. నువ్వు రాని యాళ్ల గుడ మంచం కిందికే ఉండె. నువ్వు తిప్పుడు తప్పే సుగుణా, కాదని చెప్ప. గని మాది నీదానికంటె పెద్దది. ఎవలకన్న చెప్పుకోవాలంటె చెప్పుకో, నేను అడ్డం రాను."

మనుషులు తప్పు ఒప్పుకోవడం నేను బడిలో చూశాను, దెబ్బలకు భయపడి ఒప్పుకునేవారు. ఎవరూ అడగకుండా, కింది మెట్టు మీద ఉన్న మనిషి ముందు, చార్టు తెచ్చి మరీ ఒప్పుకోవడం చూడలేదు. నా తొంభైని చెరిపి సున్నా రాసిన మనిషి మీద నాకు అప్పటిదాకా కొంచెం కోపం ఉండేది. అది పోయింది.

సుగుణ చార్టు మూసింది. "చెప్పుకుంటె ఆయిన లేస్తడా?"

"లేవడు."

"మరేం జేస్తె లేస్తడు?"

సువార్త నా వైపు చూపించింది. "మందులు సార్ ఇస్తడు. గీ దారం మాత్రం గీ గీత దిగొద్దు. గంతే నువ్వు జేసేది, నేను జేసేది."

మర్నాడు సుగుణ వచ్చీ రాగానే నా దారాన్ని వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. "గిది మెలిక దారం. గందుకే మీ నట్టు గిర్రున తిరుగుతున్నది" అని కొంగు ముడిలోంచి మగ్గం నూలు తీసింది. సువార్త దాన్ని స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టి కట్టింది. నిజమే, ఆ తర్వాత నట్టు ఒక్క వెంట్రుకవాసి కూడా తిరగలేదు. నిస్సీకి, లెక్కల మాస్టారికి, డాక్టరుకు, నాకూ తెలియని సంగతి ఆమె వేళ్లకు తెలుసు.

తర్వాతి రోజులు బరువుగా నడిచాయి. తెమడ పరీక్ష రిపోర్టు వచ్చింది, ఇస్తున్న మందు ఆ క్రిమికి పనిచేయడం లేదట. మందు మార్చారు. డాక్టర్ మొయినుద్దీన్ సుగుణను పిలిచి దాచకుండా చెప్పాడు. "అమ్మా, సగం సగం ఉంది. నేను అబద్ధం చెప్పను." ఆమె తలూపి మళ్లీ వచ్చి మంచం దగ్గర నిలబడింది. తనకిచ్చిన గంటా ఆమె చేసేది ఒకటే. ఆయన జారితే ఆయాను పిలిచి, ఇద్దరూ చెరోవైపు దుప్పటి పట్టుకుని పైకి లాగేవారు. మళ్లీ జారకుండా మోకాళ్ల కింద దిండు పెట్టేది. ఒకసారి మాత్రం ఆయన కళ్లు తెరిచి ఆమెనే చూస్తుంటే, కాళ్లవైపు వెళ్లి పిడి మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. ఆ చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని, నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను ముప్ఫై అయిదు దగ్గరే ఉన్నాను. అంత నికార్సయిన అంకెను చూసి నాకు ఎప్పుడూ అంత బాధ కలగలేదు.

ఆ నెలాఖరు మీటింగులో సువార్తకు మెమో వచ్చింది. అన్ని నెలల ఐసీయూ చార్టుల్లో ముప్ఫై ఉంటే ఈ నెలలో మాత్రం పద్నాలుగు, ఇరవై అని ఎందుకున్నాయో వివరణ ఇవ్వాలట. కొలిచాము కనుక, అని ఆమె ఒక్క ముక్క రాసిచ్చింది. దాని కింద డాక్టర్ కూడా సంతకం పెట్టాడు. తర్వాత మిగతా ఏడు మంచాల ముళ్ల రంగూ గీకించారు. గీకించడానికి పిలిపించింది రంగు వేసిన ఆ శ్రద్ధ గల మనిషినే. ఈసారీ అంతే శ్రద్ధగా గీకాడు.

ఇదంతా జరిగి రెండేళ్లు దాటింది. నేనింకా నాలుగో మంచానికే ఉన్నాను. ముల్లు కదులుతున్నా నన్ను తీసేయడానికి సువార్త ఒప్పుకోలేదు. షిఫ్టుకొకసారి స్పిరిట్‌తో తుడిచి తుడిచి నా అంకెలు చాలావరకు చెరిగిపోయాయి. పుట్టినప్పుడు నూట ఎనభై డిగ్రీలు నావి, ఇప్పుడు బతుకంతా పదిహేను డిగ్రీల సందులోనే. అయినా నిమ్ములు పూర్తిగా ఆగిపోలేదు, తగ్గాయి. ఎంత తగ్గాయని అడిగితే ఇక్కడివాళ్లు సుమారుగా సగం అంటారు. ఆ మాటకు నా ఒళ్లు ఇప్పుడు అంతగా మండటం లేదు. నాలుగో మంచం మీద చాలామందిని చూశాను. కొందరు నడిచి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. చెప్పకుండా ఉండలేనిది ఒక్క సాయంత్రం గురించి.

భూమయ్యకు పందొమ్మిదో రోజు పొద్దున గొట్టం తీశారు. మిషన్ అవతలికి జరిపారు. తన ఊపిరి తాను పీలుస్తూ, దగ్గుతూ, అలసిపోయి ఉన్నాడు. మింగడం ఇంకా సరిగ్గా రాలేదు కాబట్టి మంచం దించొద్దని, చుక్క నీళ్లు కూడా పోయొద్దని చెప్పారు. నాలుగింటికి సుగుణ వచ్చింది. ఆయన పెదాలు కదిలాయి. ఆమె చెవి దగ్గరగా పెట్టింది. గొంతు ఎండుటాకు నలిపినట్టు వచ్చింది.

"జర పండవెట్టవే. నడుము వోతున్నది."

ఆమె కదల్లేదు.

"దినాం కండ్లతోని అడుగుతుంటి" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "మొదట్ల నీకు సమజయ్యేది. పండవెడ్తుంటివి. మల్ల ఎందుకు బందు వెట్టినవ్?"

ఆయన నిజంగానే అడిగాడన్నమాట. ఆమె ఆ కళ్లను సరిగ్గానే చదివింది, ఒక్కసారి కూడా తప్పు చదవలేదు. సుగుణ ముఖం ఏమైపోయిందో నేను చెప్పలేను. ఆయన మోకాళ్ల కింది దిండు సర్ది, కళ్లు తుడుచుకుని, "ఉహూ, పండవెట్ట" అన్నది.

భూమయ్య ఆమెను కాసేపు చూశాడు. ఇంతమందిలో తన మాట వింటుందనుకున్న ఒక్క మనిషీ ఇలా అనేసరికి, మెడ తిప్పగలిగినంత తిప్పి గోడవైపు ముఖం పెట్టుకున్నాడు. సుగుణ పిలిచింది, పలకలేదు. భుజం తట్టింది, పలకలేదు. చార్టు రాసుకుంటున్న సువార్త అదంతా చూసి దగ్గరికి వచ్చింది. "సంగతేందో నేను చెప్పాల్నా ఆయినకు?"

సుగుణ అడ్డంగా తలూపింది. ఆ గోడవైపు తిరిగిన తలను, దాని కింద పైకీ కిందికీ తనంతట తాను కదులుతున్న రొమ్మును చూస్తూ నిలబడింది.

"వద్దు సిస్టరమ్మా, అలగనీ" అన్నది. "అలిగేటందుకు మనిషున్నడు."